మెకింతోష్ సౌండ్: కొలిచి, విని తేల్చుకునే పద్ధతి

మెకింతోష్ అనే ఆడియో కంపెనీ యాంప్లిఫయర్లు విన్నవాళ్లు చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే. వార్మ్‌గా ఉంటుంది, నిండుగా ఉంటుంది, ఎంతసేపు విన్నా చెవి అలసిపోదు అంటారు. నల్లటి గాజు ముఖం మీద నీలి మీటర్లు వెలుగుతుంటే ఆ మాటలకు ఇంకాస్త బలం వస్తుంది. ఆ సౌండ్ ఉందా లేదా అని వాదించుకోవడం కంటే, ఉంటే అది సర్క్యూట్‌లో ఏ చోట పుడుతోందో, మీ స్పీకర్ల మీద ఎన్ని డెసిబెల్స్ ఉందో కొలిచి చూడటం తేలిక. మంచి మల్టీమీటర్ ఒకటి, కొన్ని రెసిస్టర్లు, కంప్యూటర్‌కు తగిలించే సౌండ్ కార్డు, సాయానికి ఒక మనిషి ఉంటే చాలు. పెట్టె మూత తెరవాల్సిన పనే లేదు, తెరవకూడదు కూడా. ట్యూబ్ మోడళ్లలో (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాక్యూమ్ ట్యూబులు వాడేవాటిలో) ప్రాణం తీసే వోల్టేజీలు ఉంటాయి, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటాయి. ఇక్కడ చెప్పే కొలతలన్నీ స్పీకర్ టర్మినల్స్ దగ్గర తీసేవే.

మీ ముందున్నది ఏ రకం?

బ్రాండ్ ఒకటే అయినా లోపలి నిర్మాణం ముఖ్యంగా మూడు రకాలు. వీటన్నిటికీ కలిపి ఒకే సౌండ్ అంటగట్టడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది.

మొదటిది ట్యూబ్ రకం. కంపెనీ స్థాపకుడు ఫ్రాంక్ మెకింతోష్ పేరిట 1949లో పేటెంట్ వచ్చిన యూనిటీ కపుల్డ్ సర్క్యూట్ దీనికి పునాది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీని రెండు చుట్లుగా పక్కపక్కనే కలిపి చుట్టి, ఒకదాన్ని ట్యూబ్ ప్లేట్ వైపు, రెండోదాన్ని కాథోడ్ వైపు కలుపుతారు. రెండు చుట్ల మధ్య అయస్కాంత లీకేజీ బాగా తగ్గడంతో, పుష్-పుల్‌లో (తరంగంలో ఒక సగాన్ని ఒక ట్యూబ్, ఇంకో సగాన్ని ఇంకోటి మోసే అమరికలో) ఒక ట్యూబ్ నుంచి ఇంకో ట్యూబ్‌కు పని మారేచోట వచ్చే డిస్టార్షన్ (తరంగం ఆకారం చెడటం) అణుగుతుంది. 1961లో వచ్చిన ఎంసీ275 ఈ పద్ధతిదే. నాలుగు కేటీ88 ట్యూబులు, చానల్‌కు 75 వాట్లు.

రెండోది ట్రాన్సిస్టర్ ఔట్‌పుట్ తర్వాత ఆటోఫార్మర్ పెట్టే రకం. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్లు నేరుగా స్పీకర్‌ను నడుపుతాయి. ఇక్కడ మధ్యలో ఒకే చుట్టకు 2, 4, 8 ఓమ్‌ల ట్యాపులు (చుట్ట మధ్యలోంచి బయటికి తీసిన కనెక్షన్లు) తీసిన ఆటోఫార్మర్ ఉంటుంది. స్పీకర్‌ను దానికి సరిపోయే ట్యాపుకు కలిపితే ట్రాన్సిస్టర్లకు ఎప్పుడూ ఇంచుమించు ఒకే లోడ్ కనిపిస్తుంది. మూడోది, అదే కంపెనీ చేసే డైరెక్ట్ కపుల్డ్ రకం. ఇందులో ఆటోఫార్మర్ ఉండదు.

రెండోదాన్నీ మూడోదాన్నీ స్పెసిఫికేషన్ చూసి విడదీయవచ్చు. పవర్ 8, 4, 2 ఓమ్‌లకు ఒకటే అని ఉంటే ఆటోఫార్మర్ ఉన్నట్టే. ఎంసీ462 మూడింటికీ 450 వాట్లే ఇస్తుంది. ఓమ్‌లు తగ్గేకొద్దీ వాట్లు పెరిగితే డైరెక్ట్ కపుల్డ్. ఎంఏ5300కు 8 ఓమ్‌ల దగ్గర 100 వాట్లు, 4 ఓమ్‌ల దగ్గర 160. ఎంఏ352లో ముందు దశకు ట్యూబులు ఉన్నా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లదే, ఆటోఫార్మర్ లేదు, 200 నుంచి 320కి వెళుతుంది. ముందు గాజు వెనక వెలిగే ట్యూబుల్ని చూసి దాన్ని ఎంసీ275కి తమ్ముడనుకోవద్దు.

ట్యాపు మార్చినప్పుడు వినిపించే తేడా

ఆటోఫార్మర్ మోడల్ కొన్నవాళ్లు మొట్టమొదట చేసే ప్రయోగం స్పీకర్ వైరును 4 ఓమ్‌ల ట్యాపు నుంచి 8కి మార్చి వినడం. "ప్రాణం వచ్చినట్టుంది" అంటారు. వచ్చింది 3 డెసిబెల్స్. ఒకే పవర్‌ను 8 ఓమ్‌లకు అందించాలంటే 4 ఓమ్‌లకు కావలసిన దానికంటే 1.41 రెట్లు ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే ఆ ట్యాపులో చుట్లు ఎక్కువ. 2 నుంచి 4కి మారినా అంతే పెరుగుతుంది. కాబట్టి వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గించకుండా ట్యాపుల్ని పోల్చడం వృథా.

తగ్గించాక కూడా చిన్న తేడా మిగులుతుంది, అది నిజమైనదే. ఆటోఫార్మర్ మోడళ్లకు కంపెనీ చెప్పే డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ ఓమ్‌లు యాంప్లిఫయర్ సొంత అంతర్గత నిరోధానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) సాధారణంగా 40కి పైన. అంటే 8 ఓమ్‌ల ట్యాపు దగ్గర ఆ అంతర్గత నిరోధం (ఔట్‌పుట్ ఇంపిడెన్స్) ఎక్కువలో ఎక్కువ 0.2 ఓమ్, 4 ఓమ్‌ల ట్యాపు దగ్గర 0.1. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌ను 4 ట్యాపుకు కలిపితే ఏ ప్రమాదమూ లేదు, అందే గరిష్ఠ పవర్ మాత్రం సగమవుతుంది. నాలుగు ఓమ్‌ల స్పీకర్‌ను 8 ట్యాపుకు కలపడం మాత్రం మంచిది కాదు. ట్రాన్సిస్టర్లకు సగం లోడే కనిపిస్తుంది, వేడి పెరుగుతుంది, రక్షణ సర్క్యూట్ ముందే అడ్డుపడుతుంది.

ఔట్‌పుట్ ఇంపిడెన్స్ కొలవడం

మొత్తం వ్యవహారంలో ఎక్కువ విషయం బయటపెట్టేది ఈ కొలతే, అందుకే దీని మీద సమయం పెట్టండి.

కావలసినవి: 8 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్లు రెండు, ట్రూ ఆర్ఎంఎస్ మల్టీమీటర్, 200 హెర్ట్జ్ సైన్ తరంగం ప్లే చేయగల ఏదైనా సోర్స్. మీటర్ మిల్లీవోల్ట్ వరకు చూపాలి. రెసిస్టర్ల అసలు విలువను ముందే ఓమ్ రేంజిలో చూసి రాసుకోండి, 8.2 అని తేలితే లెక్కలో 8.2నే వాడండి.

ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ అయితే స్పీకర్ విప్పేసి, 8 ఓమ్‌ల ట్యాపు దగ్గర సరిగ్గా 1.900 వోల్టులు వచ్చేలా వాల్యూమ్ పెట్టండి. ఇప్పుడు వాల్యూమ్ ముట్టుకోకుండా 8 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి మళ్లీ చదవండి. 1.854 వచ్చిందనుకుందాం. లెక్క ఇది: 8 × (1.900 ÷ 1.854 − 1) = 0.198 ఓమ్. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 40 అన్న మాట సరిపోయినట్టే.

ట్యూబ్ యాంప్లిఫయర్‌ను లోడ్ లేకుండా నడపకూడదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ అదుపు తప్పి ఇన్సులేషన్ పోవచ్చు. దానికి రెండు లోడ్ల పద్ధతి ఉంది. రెండు రెసిస్టర్లనూ సిరీస్‌లో కలిపి 16 ఓమ్‌ల మీద 1.900 వోల్టులు పెట్టండి. యాంప్లిఫయర్ ఆపి, ఒకే రెసిస్టర్ ఉంచి, మళ్లీ ఆన్ చేసి, వేడెక్కనిచ్చి చదవండి. 1.859 వస్తే: తేడా 0.041. దాన్ని (1.859 ÷ 8 − 1.900 ÷ 16)తో, అంటే 0.1136తో భాగిస్తే 0.36 ఓమ్. ఎంసీ275 ఇప్పటి వెర్షన్‌కు చెప్పే డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 22కి ఇది సరిపోతుంది.

ఇందులో తప్పులు ఎక్కువగా ఒకే చోట జరుగుతాయి. మీటర్ ముళ్లను రెసిస్టర్ కాళ్ల దగ్గర పెడితే మధ్యలో వైరు నిరోధం కూడా లెక్కలోకి వస్తుంది. పలుచని మొసలి క్లిప్పుల వైర్లు ఒక్కొక్కటీ ఒక్కోసారి 0.1 ఓమ్ దాకా ఉంటాయి, మనం కొలిచేదే 0.2. ముళ్లు యాంప్లిఫయర్ టర్మినల్ లోహానికే తగలాలి. విలువ అనుమానంగా ఉంటే ట్యాపు మార్చి చూడండి. 8లో వచ్చినదానికి 4లో ఇంచుమించు సగం రావాలి. అలా రాకపోతే మీరు కొలుస్తున్నది వైర్లనే.

ఆ 0.2 ఓమ్ ఏం చేస్తుంది

8 ఓమ్‌లు అని రాసి ఉన్న స్పీకర్ అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ 8 ఉండదు. ఒక మామూలు టూ-వే స్పీకర్ అప్పర్ బాస్‌లో 3.2 ఓమ్‌లకు దిగి, బాస్ రెజొనెన్స్ (వూఫర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గరా క్రాసోవర్ (శబ్దాన్ని వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్) దగ్గరా 20 ఓమ్‌లకు ఎక్కుతుందనుకోండి. యాంప్లిఫయర్ ఇంపిడెన్స్ దీనితో సిరీస్‌లో ఉంటుంది కాబట్టి, స్పీకర్ ఇంపిడెన్స్ తక్కువున్నచోట యాంప్లిఫయర్ లోపలే వోల్టేజీ ఎక్కువ నష్టమవుతుంది, ఎక్కువున్నచోట తక్కువ నష్టమవుతుంది.

డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 200 ఉన్న డైరెక్ట్ కపుల్డ్ యాంప్లిఫయర్‌కు (0.04 ఓమ్) ఈ స్పీకర్ మీద ఎత్తుపల్లాల తేడా 0.09 డెసిబెల్. ఆటోఫార్మర్ 8 ట్యాపులో 0.44. ఎంసీ275 లాంటి 0.36 ఓమ్‌కు 0.77. పోలిక కోసం, ఫీడ్‌బ్యాక్ లేని సింగిల్ ఎండెడ్ (ఒకే ట్యూబ్ మొత్తం తరంగాన్ని మోసే) ట్యూబ్ యాంప్లిఫయర్‌కు 2 ఓమ్‌లు ఉంటే 3.4 డెసిబెల్స్. దాన్ని ఎవరైనా పట్టేస్తారు.

నిండుదనం అంటున్నదానికి మొదటి ఆధారం ఇక్కడ దొరుకుతుంది. బాస్ రెజొనెన్స్ దగ్గరా, 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య క్రాసోవర్ దగ్గరా అర డెసిబెల్ లోపు రెండు చిన్న గుట్టలు లేస్తాయి. వెడల్పుగా పరచుకున్న అర డెసిబెల్ గుట్ట శ్రద్ధగా వినే చెవికి అందే సరిహద్దులో ఉంటుంది. స్పీకర్ మారితే గుట్టల చోటు మారుతుంది. ఇంపిడెన్స్ సమంగా ఉండేలా క్రాసోవర్‌లో సర్దుబాటు చేసిన స్పీకర్ మీదైతే గుట్టలే ఉండవు. ఒకే యాంప్లిఫయర్‌ను ఇద్దరు రెండు రకాలుగా వర్ణించడానికి ఇదొక్క కారణం చాలు.

స్పీకర్ వైరు కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్లంటే రానూపోనూ 10 మీటర్లు, నిరోధం సుమారు 0.07 ఓమ్. 1.5 చదరపు మిల్లీమీటర్లదైతే 0.115. రెండు యాంప్లిఫయర్లను వేర్వేరు వైర్లతో పోలిస్తే సగం తేడా వైరుదే కావచ్చు.

బాస్ పట్టు గురించి ఒక మాట. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 40 అయితే వూఫర్ అదుపు తప్పుతుందనే భయం అతిశయోక్తి. వాయిస్ కాయిల్ నిరోధమే 6 ఓమ్‌ల దాకా ఉంటుంది, దానికి 0.2 కలిస్తే వూఫర్ ఎలక్ట్రికల్ క్యూ (దాని ఊగుడును ఆపే విద్యుత్ బ్రేకు ఎంత వదులో చెప్పే సంఖ్య) పెరిగేది 3 శాతమే. బాస్ వదులుగా వినిపిస్తే ముందు స్పీకర్‌ను గోడకు దూరం జరపండి.

మీ స్పీకర్ మీద ఆకారం ఎలా ఉందో చూడాలంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. మైక్రోఫోన్ వద్దు, యాంప్లిఫయర్ టర్మినల్స్ వోల్టేజీనే సౌండ్ కార్డుకు తీసుకోండి, కానీ నేరుగా కాదు. రెండు టర్మినల్స్ నుంచీ చెరొక 10 కిలో ఓమ్ రెసిస్టర్ తెచ్చి, వాటి అవతలి కొసల మధ్య 1 కిలో ఓమ్ పెట్టి, ఆ 1 కిలో ఓమ్ కాళ్లను బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు (రెండు కాళ్లూ గ్రౌండ్‌కు అంటని ఇన్‌పుట్) కలపండి. వోల్టేజీ 21వ వంతుకు తగ్గుతుంది, పావు వాటు రెసిస్టర్లు సరిపోతాయి. చాలా యాంప్లిఫయర్లలో మైనస్ టర్మినల్ గ్రౌండ్ కాదు. దాన్ని సౌండ్ కార్డు గ్రౌండ్‌కో ఆసిలోస్కోప్ క్లిప్పుకో తగిలిస్తే ఔట్‌పుట్ షార్ట్ అవుతుంది. ల్యాప్‌టాప్‌ను చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే హమ్ కూడా తగ్గుతుంది. 1 వోల్ట్ దగ్గర 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు స్వీప్ (కింది నుంచి పైకి జారే టోన్) ఒకసారి 8 ఓమ్‌ల రెసిస్టర్‌తో, ఇంకోసారి స్పీకర్‌తో తీసి, రెండో దాంట్లోంచి మొదటిది తీసివేయండి. మిగిలిన గీతే ఈ స్పీకర్‌తో ఈ యాంప్లిఫయర్ కలిపే రంగు.

నిర్ధారణకు రెండు చిన్న రెసిస్టర్లు

గుట్టలే కారణమైతే, అవే గుట్టలను ఇంకో యాంప్లిఫయర్‌తో తెప్పించగలగాలి. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 200 ఉన్న ఏదైనా మంచి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ తీసుకోండి. 0.33 ఓమ్, 5 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్లు రెండింటిని ప్యారలల్‌గా కలిపితే 0.165 ఓమ్. దీన్ని స్పీకర్ ప్లస్ వైరులో సిరీస్‌గా పెడితే మొత్తం 0.205, అంటే ఆటోఫార్మర్ 8 ట్యాపుకు సమానం. స్పీకర్‌లోకి 5 ఆంపియర్లు పోయినా ఒక్కో రెసిస్టర్‌లో ఖర్చయ్యేది 2 వాట్లే. వేడెక్కుతాయి కాబట్టి కార్పెట్‌కు తగలనివ్వవద్దు.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1985లో యాంప్లిఫయర్ డిజైనర్ బాబ్ కార్వర్ స్టీరియోఫైల్ పత్రికతో పందెం వేసి, ఖరీదైన ట్యూబ్ యాంప్లిఫయర్ ఔట్‌పుట్‌నూ తన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ ఔట్‌పుట్‌నూ ఒకదాంట్లోంచి ఒకటి తీసివేస్తూ, మిగిలే శబ్దం అణిగిపోయేదాకా తన సర్క్యూట్‌ను సర్దాడు. ఆ తర్వాత పత్రికవాళ్లు రెండింటి మధ్య తేడా చెప్పలేకపోయారు. రెండు రెసిస్టర్లతో అంత దూరం వెళ్లలేం కానీ, ఎక్కువ భాగం వస్తుంది.

డిస్టార్షన్, పవర్ గార్డ్

డిస్టార్షన్ గురించి క్లుప్తంగా చాలు. ఎంసీ462కు కంపెనీ హామీ 0.005 శాతం, ఎంసీ275కు 0.5 శాతం. మొదటిది వినబడే విషయం కాదు, మామూలు సౌండ్ కార్డుతో కొలవబడేదీ కాదు. సౌండ్ కార్డు ఔట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి చూస్తే దాని సొంత డిస్టార్షన్ ఎంతో తెలుస్తుంది, యాంప్లిఫయర్‌లో అంతకంటే తక్కువది చూడలేరు. ట్యూబ్ మోడల్‌లో 1 కిలోహెర్ట్జ్ పెట్టి 1 వాటు దగ్గరా, 20 వాట్ల దగ్గరా హార్మోనిక్స్ (రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీల దగ్గర అదనంగా పుట్టే తరంగాలు) చూడండి (ఆ 10 వాట్ల రెసిస్టర్లు దీనికి చాలవు, 50 వాట్లవి కావాలి). రెండు చానళ్లలో ఒకదానికే రెండో హార్మోనిక్ బాగా ఎక్కువుంటే అది బ్రాండ్ సౌండ్ కాదు, జతలో ఒక ట్యూబ్ నీరసించింది. ట్యూబులను చానళ్ల మధ్య మార్చి చూస్తే తేలిపోతుంది.

పవర్ గార్డ్ మాత్రం నిజంగా వినదగ్గ విషయం. ఇన్‌పుట్, ఔట్‌పుట్ తరంగాలను పోల్చుతూ, ఔట్‌పుట్ క్లిప్ కాబోతుంటే (పవర్ చాలక తరంగం శిఖరం తెగబోతుంటే) ఇన్‌పుట్‌నే తగ్గించే సర్క్యూట్ ఇది. వేరే యాంప్లిఫయర్ అదే వాల్యూమ్ దగ్గర కరకరలాడితే ఇది శిఖరాలను మెల్లగా అణిచేస్తుంది. గట్టిగా వినేవాళ్లకు చెవి అలసిపోకపోవడానికి ఇదొక కారణం. పవర్ గార్డ్ దీపం వెలుగుతుంటే మీరు వింటున్నది లిమిటర్‌నే. పోలిక చేసేటప్పుడు అది ఒక్కసారి కూడా వెలగకూడదు.

పవర్ లెక్క కూడా వేసుకోండి. 1 వాటుకు 1 మీటర్ దూరంలో 87 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌ను 50 వాట్లు 104 దాకా, 450 వాట్లు 113 పైకి తీసుకెళతాయి. శిఖరాలు 106కు వెళ్లే వాల్యూమ్‌లో ఈ రెండింటినీ పోలిస్తే చిన్నది క్లిప్ అవుతుంది, పెద్దదానికి పేరొస్తుంది.

పక్కపక్కన వినడం

ఇంటిగ్రేటెడ్ మోడల్ అయితే టోన్ కంట్రోల్స్, ఈక్వలైజర్ బైపాస్‌లో పెట్టండి. ఎవరో ఎప్పుడో తిప్పి వదిలేసిన బాస్ నాబ్ మొత్తం ప్రయోగాన్ని ముంచేస్తుంది.

స్పీకర్లు తగిలించి ఉండగానే, స్పీకర్ టర్మినల్స్ దగ్గర 1 కిలోహెర్ట్జ్‌తో రెండు యాంప్లిఫయర్లనూ 2 వోల్టులకు సర్దండి. తేడా 0.02 వోల్టులకు మించకూడదు, అది 0.1 డెసిబెల్‌కు కాస్త లోపలే. ఎక్కువ గెయిన్ ఉన్నదాని ఇన్‌పుట్‌కు ముందు 10 కిలో ఓమ్ పాట్ (తిప్పి నిరోధం మార్చే పొటెన్షియోమీటర్) పెట్టి తగ్గించండి. రెండు చానళ్లనూ విడివిడిగా చూడాలి. అర డెసిబెల్ ఎక్కువున్నది గట్టిగా ఉన్నట్టు అనిపించదు, "బాగున్నట్టు" అనిపిస్తుంది, అదే దీనిలోని మోసం.

మార్చడానికి ఒక్కో చానల్‌కు 10 ఆంపియర్ల డబుల్ పోల్ డబుల్ త్రో రిలే వాడండి. ప్లస్, మైనస్ రెండూ తెగి మారాలి, మైనస్‌లను ఉమ్మడిగా కలిపే స్విచ్ బాక్సులు వద్దు. పాత కాంటాక్ట్ తెగాకే కొత్తది కలిసే రకమో కాదో యాంప్లిఫయర్లు తగిలించకముందే కంటిన్యూటీ పెట్టి చూడండి, రెండు ఔట్‌పుట్‌లు ఒక్క క్షణం కలిసినా నష్టమే. ట్యూబ్ యాంప్లిఫయర్ టర్మినల్స్ మీద 47 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా వదిలేస్తే, స్పీకర్ తెగినప్పుడు కూడా దానికి కొంత లోడ్ ఉంటుంది. అయినా మార్చేముందు పాట ఆపడం మంచిది.

రెండింటినీ అరగంట వేడెక్కనివ్వండి. తల కదిలితే ట్రెబుల్ మారుతుంది కాబట్టి కుర్చీ, తల చోటు మారకూడదు. సాయానికి వచ్చినవాళ్లు నాణెం ఎగరేసి ఏది పెట్టాలో నిర్ణయించుకుని రాసుకోవాలి, మీకు కనబడకూడదు, మాట్లాడకూడదు. మీటర్ల వెలుగు కనిపించకుండా గుడ్డ కప్పండి, కానీ గాలి రంధ్రాలు మూయకండి. ఒకే పాటలోని 20 సెకన్ల ముక్క పదేపదే వినడం, పాట మొత్తం వినడం కంటే తేడాలను బాగా పట్టిస్తుంది. గుంపు గొంతులు, పియానో, పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) మంచివి. పింక్ నాయిస్ విసుగే, కానీ ఫ్రీక్వెన్సీ తేడాలకు అంత పదునైన పరీక్ష ఇంకోటి లేదు.

16 సార్లు వినండి. 12 లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా చెబితే, గుడ్డిగా ఊహించి అన్ని రావడానికి అవకాశం 4 శాతం లోపే. 10 వస్తే ఏమీ చెప్పలేం. 12 వచ్చినా దాటినా, ఆ 0.165 ఓమ్‌ను రెండో యాంప్లిఫయర్‌కు పెట్టి, వోల్టేజీ మళ్లీ సర్ది, ఇంకో 16 వినండి. ఈసారి 8, 9 దగ్గర ఆగిపోతే మీరు విన్నది ఆటోఫార్మర్ నిరోధాన్నే. మళ్లీ 12 వచ్చినా దాటినా మొదట రిలే కాంటాక్టులు, వైర్ల పొడవు, చానళ్ల సమానత్వం చూడండి. తర్వాత రెండు స్వీప్‌లను 10 కిలోహెర్ట్జ్ పైన పోల్చండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నచోట తేడా మిగిలేది సాధారణంగా అక్కడే.